ఏ గదిలో కూర్చోవాలి?

ఆ శుక్రవారం సాయంత్రం చర్చి ఆవరణలోకి అడుగుపెట్టగానే తలుపు దగ్గర నిలబడ్డ పెద్దాయన నన్ను చూసి చాలా మర్యాదగా, "ఫ్యామిలీస్‌కి పక్క గదమ్మా" అన్నాడు. చేత్తో దారి కూడా చూపించాడు. నేను థాంక్స్ చెప్పి పక్క గదిలోకి వెళ్ళి కూర్చున్నాను.

మూడు శుక్రవారాలు ఆ గదిలోనే కూర్చున్నాను, తాగేవాడి భార్యలాగా. ఎవరికీ అబద్ధం చెప్పలేదు, ఎవరూ అడగలేదంతే. కాటన్ చీర కట్టుకుని, భుజాన సంచీ తగిలించుకుని వచ్చిన నలభై ఆరేళ్ళ లెక్చరర్‌కి ఆ ఆవరణలో ఏం పని? మొగుడి కోసమో కొడుకు కోసమో వచ్చి ఉంటుంది. ఇంకో కారణం ఆ పెద్దాయనకి తోచలేదు. ఆయన్నని ఏం లాభం, ఇరవయ్యేళ్ళు స్త్రీల గురించి రాస్తూ, మాట్లాడుతూ వచ్చిన నాకూ చాలాకాలం తోచలేదు. తాగుడు గురించి నేను రాసిన ప్రతి వాక్యంలోనూ తాగేది వాడు, ఏడ్చేది ఆమె.

ఆ గది దాకా రావడానికే నాకు దాదాపు ఏడాది పట్టింది. హైదరాబాదులాంటి ఊళ్ళో, చదువుకుని, చేతిలో ఫోనున్న మనిషికి ఏడాది. సమాచారం దొరక్క కాదు. అడగాలంటే ముందు ఒక వాక్యం నోటితో అనాలి. అది రాలేదు. మొదట మా వీధి చివర క్లినిక్‌లో, "తాగుడు మాన్పించే చోటు ఏదైనా ఉందా డాక్టరుగారూ" అన్నాను. ఆ 'మాన్పించే'ని చూడండి. తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని కదా, దాక్కోవడానికి ప్రేరణార్థక క్రియ ఎంత బాగా పనికొస్తుందో నాకు తెలుసు. "మీవారికా?" అన్నాడాయన. "ఆఁ" అన్నాను. మావారు వేరే ఊళ్ళో వేరే సంసారం పెట్టుకుని అప్పటికి తొమ్మిదేళ్ళు. పైగా ఆయన బీరు కూడా ముట్టడు. ఆయన మీద నాకున్న ఫిర్యాదులన్నీ న్యాయమైనవే, ఇదొక్కటి తప్ప.

తర్వాత ఒక ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటరుకి ఫోన్ చేశాను. "లేడీస్‌కి బెడ్లు లేవు మేడం, పేషెంటుని మీరు తీసుకొచ్చేయండి, అటెండర్ ఉండక్కర్లేదు" అన్నారు. నేను పేషెంటుకి తోడు ఉండే ఆడమనిషినని వాళ్ళూ నిర్ణయించేశారు. ఇంకో చోట చేతికిచ్చిన కరపత్రంలో భార్యలు చేయదగినవి, చేయకూడనివి అని రెండు వరుసలున్నాయి. రెండూ శ్రద్ధగా చదివి, పర్సులో పెట్టుకుని, ఇంటికెళ్ళి ఆ రాత్రి మామూలుగానే తాగాను.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద పదిహేనేళ్ళు దాటిన స్త్రీలలో మద్యం తాగుతామని చెప్పినవాళ్ళు 1.3 శాతం. తెలంగాణలో అది 6.7. మగవాళ్ళలోనైతే దేశంలో 18.8, తెలంగాణలో 43.3. ఇంటికొచ్చి అడిగిన మనిషికి నిజం చెప్పినవాళ్ళ లెక్క ఇది. నన్ను అడిగి ఉంటే నేను ఆ 1.3లోనూ ఉండేదాన్ని కాదు, 6.7లోనూ ఉండేదాన్ని కాదు.

ఎలా మొదలైందని అందరూ అడుగుతారు. ఏ కన్నీటి కథో ఉంటుందని ఆశ పడతారు. నాకు అలాంటిదేం లేదు. సాహిత్య సభలు అయిపోయాక ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. భోజనాలవగానే ఆడవాళ్ళని ఆటో ఎక్కించి పంపేసి, మగవాళ్ళు ఎవరి గదిలోనో కూర్చునేవారు. అసలు సభ అక్కడే జరిగేది. ఎవరి పుస్తకం మంచిది, ఎవరికి ముందుమాట రాయాలి, ఎవర్ని పైకి తేవాలి అన్నవన్నీ ఆ గదిలోనే తేలేవి. ఓ రాత్రి నేను ఆటో ఎక్కలేదు. గ్లాసు పట్టుకోవడం అప్పట్లో నాకొక వాదన. ఆ వాదనలో నేను గెలిచాను కూడా. ఆ గదుల్లో నేర్చుకున్న సాహిత్యం అబద్ధం కాదు, ఆ స్నేహాలూ అబద్ధం కాదు. కానీ అది వాదనగా ఉండటం ఎప్పుడు మానేసిందో చెప్పలేను. స్టీలు నీళ్ళ సీసాలో వోడ్కా పోసుకుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్న రాత్రుల్లో నాకెదురుగా వాదించడానికి ఎవరూ లేరు. మగవాళ్ళతో సమానంగా అన్న మాటకి నా లివర్ ఒప్పుకోలేదని తర్వాత తెలిసింది. ఆడవాళ్ళ ఒంట్లో నీటి పాలు తక్కువట. అంతే బరువున్న మగవాడు తాగినంతే తాగినా రక్తంలోకి చేరేది మనకి ఎక్కువ. ఇది పితృస్వామ్యం కుట్ర కాదు, చాలా రోజులు అలాగే అనుకుని కోపగించుకున్నాను గానీ.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పుకోవాలి. మాది నెల్లూరు జిల్లా. 1992లో నేను కావలిలో ఇంటర్ చదువుతున్నాను. దూబగుంట మాకు దూరమేం కాదు. అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న ఆడవాళ్ళు సారా దుకాణాల మీద పడటం, ప్యాకెట్లు రోడ్డు మీద పోసి తగలబెట్టడం, సారా పాటల్ని సాగనీయకుండా అడ్డం కూర్చోవడం, అవన్నీ మాకు పేపర్లో వార్తలు కావు. మా అత్త ఆ గుంపుల్లో ఉంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చినప్పుడు ఆమె నవ్విన నవ్వు నాకింకా గుర్తు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని ఎత్తివేత, ఆ చరిత్రంతా ఈ పత్రిక చదివేవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. అన్వేషి వాళ్ళు 1993లో ఆ ఉద్యమం మీద రాసిన వ్యాసాన్ని నేను ఏళ్ళ తరబడి విద్యార్థులకి చెప్పాను. ఉద్యమానికి ఇరవయ్యేళ్ళయిన సందర్భంలో ఓ సదస్సులో రోశమ్మ గురించి మాట్లాడాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ పొద్దున కాగితం వణకడం బయటికి కనబడకుండా పోడియం అంచుకి మణికట్టు ఆనించుకుని చదివాను. ముందురాత్రి తాగినంత మళ్ళీ ఎప్పుడు తాగుదామా అన్నదే ఆ గంటన్నరా నా తలలో ఉన్నది. సదస్సుకి వచ్చిన ఓ పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని "మన బిడ్డవమ్మా" అంది. నోరు వాసన వస్తుందేమోనని మొహం పక్కకి తిప్పుకున్నాను.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి మందు దుకాణాలు మూసేశారు. నా దగ్గరున్నది ఆరో రోజుకి అయిపోయింది. చెమటలు, వణుకు, గోడ మీద ఏవో కదలడం. మందు దొరక్క పిచ్చెత్తినట్టయిపోయినవాళ్ళని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వరసగా తీసుకొస్తున్నారని టీవీలో చూపిస్తున్నారు. మా అమ్మాయి అది చూసి, నన్ను చూసి, ఛానల్ మార్చింది. నేను ఎక్కణ్ణుంచో, ఏ ధరకో తెప్పించుకున్నాను. ఎవరి ద్వారా, ఎలా అన్నది రాయను. మే మొదటివారంలో దుకాణాలు తెరిచినప్పుడు ఆ బారెడు క్యూల ఫొటోలు చూసి మా స్టాఫ్ గ్రూపులో అందరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వు బొమ్మ ఒకటి పెట్టాను.

సరే, మళ్ళీ ఆ పక్కగది దగ్గరికి.

అక్కడ విన్నది అక్కడే వదిలేయాలన్నది నియమం. దాన్ని నేను మన్నిస్తాను. అందుకని ఒకే ఒకామె మాట రాస్తున్నాను, అదీ ఆమెని అడిగి. "రాసుకో, నా పేరూ మా వీధి పేరూ మాత్రం వద్దు" అంది. టైలరింగ్ చేస్తుంది. రెండో శుక్రవారం ఆమె చెప్పిందిది: వంటింట్లో గ్లాసు చప్పుడు వినబడగానే మా పిల్లాడు లేచి టీవీ సౌండు పెంచుతాడు. ఏం బొమ్మ వస్తోందో కూడా చూడడు. సౌండు పెంచి గోడ వైపు తిరిగి కూర్చుంటాడు.

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు తలలూపారు. నేనూ ఊపాను. ఊపుతూ ఉండగానే మెడ బిగుసుకుపోయింది. మా అమ్మాయి కూడా టీవీ సౌండు పెంచేది. టెన్త్ క్లాసు పెట్టుకుని చదువు మీద ధ్యాస లేదని ఆ సౌండుకి నేను లోపలి గదిలోంచి అరిచేదాన్ని. నేను అరిచేకొద్దీ పెంచేది. ఆ గదిలో నా బాధని ఎవరో చెబుతారని వెళ్ళి కూర్చున్నాను. వాళ్ళు చెబుతున్నది మా అమ్మాయి బాధ. ఆ కథల్లో నేను మొగుణ్ణి.

మూడో వారం టీ తాగేటప్పుడు ఆమె నా పక్కకొచ్చి, "మీ ఆయన కొడతాడామ్మా? ఏం మాట్లాడవు నువ్వు" అంది.

"ఆయన కాదు. నేనే తాగుతాను."

ఆమె చేతిలో టీ కప్పు అట్లాగే ఉండిపోయింది. కాసేపాగి, "పిల్లలున్నారా?" అంది.

"ఒక్క కూతురు."

"అయ్యో" అంది. ఆ అయ్యో నాకు కాదు. అది ఎవరికో నాకు తెలుసు. ఆమె కప్పు తీసుకుని ఇంకో వరసలోకి వెళ్ళి కూర్చుంది. నన్ను దగ్గరికి తీసుకుందనీ, ఆడవాళ్ళం ఒకటయ్యామనీ రాస్తే బావుండేది. అలా జరగలేదు. ఆమె కోపం ఆమెకి న్యాయంగా రావలసినదే. మాటలు కలవడానికి తర్వాత ఏడాదిన్నర పట్టింది.

పక్క గదిలోకి నన్ను తీసుకెళ్ళింది ఓ రిటైర్డ్ నర్సు. తాగడం మానేసి పదకొండేళ్ళు అప్పటికి. ఆమెని అక్క అనే పిలుస్తాను. అక్క మొదట చేసిన పని నన్ను కూర్చోబెట్టి ఓదార్చడం కాదు, ఎంత తాగుతున్నావు, పొద్దున లేవగానే తాగుతున్నావా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అని అడగడం. "మీటింగులు ఎక్కడికీ పోవు. ముందు ఆస్పత్రి. ఇంత తాగేవాళ్ళు ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికొస్తుంది" అంది. ఈ మాట తెలియక ఇళ్ళల్లో గదిలో పెట్టి గడియ వేసేవాళ్ళున్నారు, కాబట్టి రాస్తున్నాను. ఆరు రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. లిబ్రియం బిళ్ళలు రోజురోజుకీ తగ్గిస్తూ ఇచ్చారు, థయామిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. కాలేజీలో టైఫాయిడ్ అని చెప్పాను.

ఆ గదిలో నలభై మంది దాకా మగవాళ్ళు, మాతో కలిపి ముగ్గురు ఆడవాళ్ళం. ప్లాస్టిక్ కుర్చీలు, ఓ టేబులు, టీ ఫ్లాస్కు, ఉస్మానియా బిస్కెట్లు. చివర్లో ఓ డబ్బా తిరుగుతుంది. వేసేవాళ్ళు పదో ఇరవయ్యో వేస్తారు, లేనివాళ్ళు ముట్టుకుని పక్కకిస్తారు. బయటినుంచి చందాలు తీసుకోరు. చేరడానికి ఫీజు లేదు, దరఖాస్తు లేదు. మానేయాలన్న కోరిక ఉంటే చాలు. మన సంఘాలకి నిధులెక్కణ్ణుంచి తేవాలన్న చర్చల్లో ఏళ్ళకేళ్ళు గడిపినదాన్ని, ఆ డబ్బాని చూస్తే నాకు కొంచెం అసూయ వేసింది.

లేచి నిలబడి పేరు చెప్పి, నేను ఫలానా అని చెప్పుకోవాలి. ఇంగ్లీషులో ఆల్కహాలిక్ అనేయడం సులువు. రోగం పేరులా ఉంటుంది, పట్టదు. ఇది తెలుగు మీటింగు. తెలుగులో ఏముంది? 'మద్యపాన వ్యసనపరురాలిని' అంటే అందరూ నవ్వుతారు, నాకే నవ్వొస్తుంది. ఉన్న మాట తాగుబోతు. తిట్టుగా తప్ప నేనెప్పుడూ విని ఎరగని మాట. వ్యుత్పత్తి ఏదైనా కానీయండి, ఆ 'బోతు'లో నాకు దున్నపోతులోని పోతే వినిపిస్తుంది. తాగుబోతు మొగుడు అన్న రెండు మాటలూ వాటంతటవే కలిసి వస్తాయి. తాగుబోతు పెళ్ళాం అంటే సినిమాలో కామెడీ ట్రాక్. తాగుబోతు తల్లి అన్న మాట నేను ఏ కథలోనూ రాయలేదు, ఎవరూ రాయగా చదివిన గుర్తూ లేదు. మొదటిరోజు నిలబడి పేరు చెప్పి కూర్చున్నాను. నాలుగో వారానికి అన్నాను. "నేను తాగుబోతుని." ఎవరూ నవ్వలేదు. ఓ ఆటో డ్రైవరు "బిస్కెట్ తీసుకోమ్మా" అన్నాడు.

అక్కతో నాకు పెద్ద తగువు వచ్చింది మొదటి మెట్టు దగ్గర. మద్యం ముందు మేం శక్తిహీనులమని ఒప్పుకోవడం అది. ఆడదాన్ని శక్తిహీనురాలిని చేయడానికి ఇంత లోకం ఉంటే, అది చాలక నా నోటితో నేనే ఒప్పుకోవాలా అని మండిపడ్డాను. ఇంటికెళ్ళి చరిత్ర చదివాను, నాకు తెలిసిన పోరాటం అదే కదా. 1935లో అమెరికాలో ఆక్రన్ అనే ఊళ్ళో ఇద్దరు మగవాళ్ళతో మొదలైందిది. 1939లో వాళ్ళు వేసిన పుస్తకంలో భార్యల కోసం ఓ అధ్యాయం ఉంది. భార్యలే మాట్లాడుతున్నట్టుంటుంది. రాసింది మాత్రం బిల్ విల్సన్. తాను రాస్తానని ఆయన భార్య లోయిస్ అడిగినా ఇవ్వలేదు. ఆమె ఆ బాధ దాచుకోలేదు. తర్వాత 1951లో కుటుంబాల వాళ్ళ కోసం అల్-అనాన్ మొదలుపెట్టినవాళ్ళలో ఆమె ఒకరు. అంటే నేను మూడు వారాలు కూర్చున్న ఆ పక్కగది ఆమెదన్నమాట. ఇక జీన్ కర్క్‌పాట్రిక్ అని సోషియాలజీలో డాక్టరేట్ చేసిన ఆమె, తనూ తాగి మానినదే, 1970ల మధ్యలో ఆడవాళ్ళకి వేరే సంస్థ పెట్టింది. ఆడవాళ్ళకి కావలసింది అహం తగ్గించుకోవడం కాదు, తమ మీద తమకి విలువ అన్నది ఆమె వాదన. మన దగ్గరికొస్తే, 1980లో మద్రాసులో టి.టి.రంగనాథన్ పేరు మీద చికిత్సా కేంద్రం మొదలుపెట్టింది ఆయన భార్య శాంతి. భర్త తాగుడు వల్ల చనిపోయిన మరుసటేడే. ఇవన్నీ అక్కకి చెప్పాను, జీన్‌దే సరైన మాట అన్నాను.

అక్క అంతా విని, "ఆమె సంస్థ మన ఊళ్ళో ఉందా?" అంది.

లేదన్నాను.

"మరి శుక్రవారం సాయంత్రం ఎక్కడికి పోతావు?"

ఆ మెట్టు గురించి నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. దేవుడి ప్రస్తావన వచ్చినప్పుడల్లా కిటికీలోంచి బయటికి చూస్తాను, అక్కడో వేపచెట్టుంది. కానీ ఒక్కటి ఒప్పుకోక తప్పలేదు. నేను శక్తిహీనురాలిననడానికి ఒప్పుకోని మనిషినే, రోజూ సాయంత్రం ఆరింటికి ఆ సీసా చెప్పినట్టు విన్నాను కదా. సిద్ధాంతంలో ఓడిపోకుండా ఉండటానికి నేను ఇంట్లో ఎంత ఓడిపోయానో లెక్క చూసుకుంటే, చివరికి ఓ శుక్రవారం నోరు మూసుకుని కూర్చున్నాను.

మూడో ఆమె గురించి కూడా చెప్పాలి, ఆమె కథ కాదు, ఆమె నాతో పెట్టుకున్న వాదన మాత్రం. మున్సిపాలిటీలో ఊడ్చే పని చేసి మానేసింది. పాలమూరు నుంచి వచ్చింది. "మీరు దాచుకొని తాగిన్రు, మేం కల్లు కాంపౌండ్ల అందరం కూసోని తాగినం, నన్నెవ్వరు ఏమనలే" అంటుంది. ఆమె నాకు నేర్పిన పాఠం అది. ఆడది తాగితే సిగ్గు అన్నది అందరాడవాళ్ళకీ ఒక్కలాగే లేదు. అది మా వీధుల సిగ్గు. పొద్దంతా ఒళ్ళు హూనమయ్యే పనిచేసే ఆడవాళ్ళకి తెలంగాణ పల్లెల్లో కల్లు ఎప్పుడూ తప్పు కాదు. తప్పు ఎక్కడొచ్చిందంటే అది కల్లు కాకుండా పోయిన చోట. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలాం కలిపి అమ్మేది కల్లు కాదు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరుకు ఆగిపోతే నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందలమంది మెడలు వంకర్లు తిరిగి, ఫిట్స్ వచ్చి, పిచ్చి చూపులతో ఆస్పత్రుల్లో చేరారు. ఆడవాళ్ళూ ఉన్నారు వాళ్ళలో. ఆ వార్తల్ని అప్పట్లో నేను చదివాను, గ్లాసు పక్కన పెట్టుకుని. వాళ్ళు నాకు వేరే జాతి మనుషుల్లా అనిపించారు. ఈ గదిలో ఆమె కుర్చీ నా పక్కనే.

ఈ వ్యాసం పేరు లేకుండా వేయమని సంపాదకురాలిని అడిగాను. స్త్రీలు తమ పేరుతో తమ జీవితాన్ని రాసుకోవాలని ఊరూరా చెప్పిన నేనే అడిగాను. ఆ గది సంప్రదాయం అది అని కారణం చెప్పాను. అది నిజం. ఉద్యోగం ఇంకా పదేళ్ళుందన్నదీ నిజం. వీటిలో ఏది ఎక్కువ నిజమో నేను తేల్చుకోలేదు.

నాకు నాలుగో ఏడు నడుస్తోంది. మధ్యలో ఒకసారి, అమ్మ పోయిన పదకొండో రోజు రాత్రి, తాగాను. మళ్ళీ ఒకటో రోజు నుంచి లెక్క పెట్టుకున్నాను, ఈ నాలుగూ ఆ తర్వాతవి. దాని గురించి గదిలో చెప్పాను, ఇంట్లో చెప్పడానికి ఇంకో వారం పట్టింది.

మా అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. రాసినది మొదట దానికే ఇచ్చాను. చదివి, టీవీ సంగతి దగ్గర ఆగి, "అది సౌండు కోసం కాదమ్మా, నువ్వు అరిస్తే నువ్వింకా మెలకువగా ఉన్నావని తెలుస్తుందని" అంది. మార్చి రాయనా అంటే వద్దంది. స్టీలు సీసాలు ఇంట్లో లేవు, అన్నీ గాజువే. అయినా నేను చాలాసేపు ఒక్కదాన్నే గదిలో ఉండి బయటికొస్తే ఏదో పనున్నట్టు నా దగ్గరగా వచ్చి నిలబడుతుంది. వాసన చూస్తోందని నాకు తెలుసు. తెలుసని దానికీ తెలుసు. కదలకుండా నిలబడతాను.